గేరుబాక్సు విప్పే ముందు: పాత ట్రాక్టరు గురించి ఒక రైతు ప్రశ్న

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలం. నా దగ్గర 1990ల నాటి 35 హార్స్‌పవర్ ట్రాక్టరు ఉంది. రెండేళ్ళ క్రితం సెకండ్ హ్యాండులో కొన్నాను. మూడు గేర్లు, రివర్సు ఒక రాడ్డు మీద, హై, లో మరో రాడ్డు మీద ఉంటాయి. మొన్నటి ఖరీఫ్‌లో దమ్ము చేసిన తర్వాత నుంచి వెనక భాగంలో గూమని మోత వస్తోంది. రివర్సు వేయబోతే కరకరమంటోంది. చెరకు ట్రాలీతో దిగుడు దిగేటప్పుడు హైలో మూడో గేరు దానంతటదే న్యూట్రల్‌లో పడిపోతోంది. డిప్ స్టిక్కు తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. మా ఊరి మెకానిక్కు గేర్ల సెట్టు మొత్తం మార్చాలంటున్నాడు. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చూపిస్తే క్లచ్ మారిస్తే సరిపోతుందన్నారు. ఎవరి మాట వినాలి? ఈ సీజను ఇలాగే నడుపుకోవచ్చా? లేక అమ్మేయమంటారా?

సమాధానం: ముందుగా మీ రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలి, ఎందుకంటే అది ప్రాణానికి సంబంధించినది. గేరు దానంతటదే జారిపోతున్న ట్రాక్టరుకు లోడు ట్రాలీ తగిలించి, ఎంత చిన్న దిగుడైనా సరే, దించకండి. దిగుడులో బండిని పట్టి ఉంచేది బ్రేకుల కంటే ఎక్కువగా ఇంజనే; గేరు న్యూట్రల్‌లో పడిన మరుక్షణం ఆ పట్టు పోతుంది. మన పల్లెల్లో తిరిగే ట్రాలీలకు చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు కాబట్టి చెరకు బరువంతా వెనక నుంచి ట్రాక్టరును నెట్టుకొస్తుంది, ఆ సమయంలో కంగారుగా బ్రేకు తొక్కితే ట్రాలీ పక్కకు తిరిగి ట్రాక్టరునే పడదోయవచ్చు. కొందరు గేరు రాడ్డును చేత్తో నొక్కి పట్టుకునో, సైకిలు ట్యూబుతో సీటుకు కట్టేసో నెట్టుకొస్తుంటారు. అది ప్రమాదాన్ని తప్పించదు సరికదా, గేరును పట్టుకునే ఫోర్కు ఎడతెగకుండా గాడి అంచుకు ఒరుసుకుని, ఇప్పటిదాకా బాగున్న భాగం కూడా అరిగిపోయేలా చేస్తుంది.

ఇక ఎవరి మాట వినాలన్న విషయం. ఇద్దరు మెకానిక్కులూ మూడు లక్షణాలను ఒకే రోగంగా భావించి చెప్పినట్టు నాకు అనిపిస్తోంది. గేరు జారడం, రివర్సులో కరకర, వెనక మోత అనే ఈ మూడింటికీ ఒకే కారణం ఉండాలన్న నియమమేమీ లేదు. పాత బండిలో మూడు వేర్వేరు చోట్ల మూడు వేర్వేరు అరుగుదలలు ఉండటమే మామూలు. అందువల్ల బండిని రెండుగా విడదీయకముందే, మీ కళ్ళంలోనే, పెద్దగా ఖర్చు లేకుండా చేయగల పరీక్షలు కొన్ని చేసి, ఏ లక్షణం ఎక్కడి నుంచి వస్తోందో విడివిడిగా తేల్చుకోవాలి.

మీరు కంపెనీ పేరు రాయలేదు గానీ, మూడు గేర్లకు హై, లో తోడై ఆరు ముందు గేర్లు, రెండు వెనక గేర్లు అయ్యే ఏర్పాటు 1950లలో వచ్చిన మాస్సీ ఫెర్గూసన్ 35తో పేరు పొంది, మన దేశంలో 1035 వంటి బండ్లలో కొనసాగింది. ఈ తరహా బండిలో ఇంజను శక్తి క్లచ్ గుండా గేరుబాక్సుకు, అక్కడి నుంచి హై, లో భాగానికి, ఆ తర్వాత పినియన్ అనే చిన్న గేరు, దానితో కలిసే క్రౌన్ వీలు అనే పెద్ద గేరు, మలుపుల్లో రెండు వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మీదుగా చక్రాలకు చేరుతుంది. లో వేసినప్పుడు వేగాన్ని సుమారు నాలుగో వంతుకు తగ్గించే ప్లానెటరీ గేర్లు పనిచేస్తాయి. హై వేసినప్పుడు అవి పక్కకు తప్పుకుని శక్తి నేరుగా వెనక్కి పోతుంది. గేరుబాక్సుకు, డిఫరెన్షియల్‌కు, వెనక పనిముట్లను పైకెత్తే హైడ్రాలిక్ లిఫ్టుకు కలిపి ఆయిల్ ఒకటే. లిఫ్టు పంపు కూడా వెనక హౌసింగులో అదే ఆయిల్‌లో మునిగి ఉండి, వెనక తగిలించే యంత్రాలకు ఇంజను శక్తినిచ్చే పీటీవో షాఫ్టు మీద నడుస్తుంది. మీ బండి కూడా ఇదే తరహాది అనుకుని రాస్తున్నాను. మీ మాన్యువల్‌లో వేరుగా ఉంటే దానినే అనుసరించండి.

ఆయిల్ ఒకటే కావడం వల్ల నీరు ఒక్కచోట చేరినా అన్ని భాగాలకూ పాకుతుంది. అందుకే నేను గేర్ల కంటే ముందు ఆయిల్ దగ్గరే మొదలుపెడతాను. ఆ రంగు నీటి గుర్తే. దానిని నిర్ధారించుకోవడానికి, కాలిన పెనం మీద ముఖం దూరంగా పెట్టి ఒక్క చుక్క ఆయిల్ వేయండి. చిటపటమంటే అందులో నీరుంది. తర్వాత బండిని ఒక రాత్రంతా కదల్చకుండా చదునైన చోట నిలిపి ఉంచి, ఉదయం ఇంజను స్టార్టు చేయకుండానే కింది డ్రైన్ ప్లగ్గును కొద్దిగా వదులు చేసి, ముందుగా వచ్చే ద్రవాన్ని గాజు సీసాలో పట్టండి. నీరు ఆయిల్ కంటే బరువైనది కాబట్టి, విడిగా తేరుకున్న నీరు ఉంటే అదే మొదట కారుతుంది. కారేది నీరే అయితే లోపల చాలా చేరిందని అర్థం. చిక్కటి తెల్లని ఆయిల్ మాత్రమే కారితే అది ఆయిల్‌లో కలిసిపోయిన నీరు.

అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది తేల్చకుండా ఆయిల్ మార్చడం డబ్బు నీళ్ళలో పోయడమే. దమ్ములో ఇనుప చక్రాలతో ఇరుసు దాకా బురదలో దిగే బండికి మొదటి అనుమానం ఆయిల్ బయటికి, నీరు లోపలికి పోకుండా ఆపే వెనక ఇరుసుల సీళ్ళ మీద, రెండోది పీటీవో షాఫ్టు సీలు మీద పెట్టాలి. గేరు రాడ్డు అడుగున ఉండే రబ్బరు తొడుగు చిరిగి ఉంటే, ఆరుబయట నిలిపిన బండిలోకి వాననీరు నేరుగా దిగుతుంది. ఇది చాలామంది చూడని దారి, బాగుచేయడానికి అన్నిటికంటే చవకైనది కూడా. పని చేసి వేడెక్కిన హౌసింగును వెంటనే చల్లటి నీటితో కడిగితే లోపలి గాలి కుంచించుకుని, గాలి రంధ్రం గుండానో అరిగిన సీలు అంచు గుండానో తేమను లోపలికి లాగుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న భీమిలి, పద్మనాభం ప్రాంతాల్లో గాలిలో ఉండే తేమ దీనికి తోడవుతుంది. బండి మీ చేతికి రాకముందు ఎప్పుడైనా నీట మునిగిందేమో పాత యజమానిని అడిగి చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన జిల్లాను తాకినప్పటి వంటి వానల్లో రోజుల తరబడి నీటిలో నిలిచి, తర్వాత పైపైన తుడిచి అమ్ముడుపోయిన బండ్లు ఉండే అవకాశం లేకపోలేదు.

ఆయిల్ పూర్తిగా దించేటప్పుడు డ్రైన్ ప్లగ్గును, ఆయిల్ అడుగున మిగిలిన మడ్డిని జాగ్రత్తగా చూడటం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన పరీక్ష. బండి కొద్దిసేపు తిరిగి ఆయిల్ వేడెక్కిన తర్వాత దించండి, అప్పుడు మడ్డి కూడా కదిలి వస్తుంది. ప్లగ్గుకు అయస్కాంతం లేకపోతే పాత స్పీకరు నుంచి తీసిన అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి మడ్డిలో తిప్పినా చాలు. వేళ్ళ మధ్య రుద్దితే మెత్తగా ఉండే బూడిద రంగు ముద్ద ఎన్నో ఏళ్ళు తిరిగిన ఏ గేరుబాక్సులోనైనా ఉంటుంది, దానికి బెంగపడనవసరం లేదు. పలుచటి, మెరిసే పొలుసులు కనిపిస్తే బేరింగు ఉపరితలం గానీ గేరు పంటి ముఖం గానీ ఊడుతోందని అనుమానించాలి. మూలలు తేలిన గట్టి ముక్కలు పంటి ముక్కలు. కొద్దిగా వంపు తిరిగిన రేకు ముక్కలు బేరింగు గుండ్లను పట్టి ఉంచే కేజీవి. అయస్కాంతానికి అంటని పసుపు రంగు రజను ఇత్తడి లేదా కంచు బుష్షుల నుంచి, వాషర్ల నుంచి వస్తుంది. మీ ఊరి మెకానిక్కు గేర్ల సెట్టు మార్చాలన్న మాటకు ఆధారం ఉంటే అది ఇక్కడే కనిపించాలి. మెత్తటి ముద్ద తప్ప మరేమీ లేకపోతే, బండిని విప్పకుండానే అంత పెద్ద ఖర్చుకు ఒప్పుకోవద్దని చెబుతాను.

కొత్త ఆయిల్ విషయంలో ఒక మాట. దుకాణంలో అడగ్గానే 90 నంబరు గేరు ఆయిల్ చేతిలో పెడతారు. లిఫ్టు పంపు కూడా అదే ఆయిల్ మీద నడిచే బండిలో ఏ గ్రేడు వాడాలన్నది మాన్యువల్ చెప్పాలి గానీ దుకాణదారు కాదు. మరీ చిక్కటి ఆయిల్‌ను పంపు చల్లటి వేళల్లో సరిగా పీల్చుకోలేదు. నీరు కలిసిన ఆయిల్ ఒక్కసారి దించితే పూర్తిగా పోదు, మూలల్లో మిగిలిపోతుంది. ప్లగ్గు తీసి ఒక రాత్రి కారనిచ్చి, హైడ్రాలిక్ జల్లెడను తీసి కడిగి, మాన్యువల్ ఒప్పుకునే ఆయిల్‌లలోనే చవకైనది పోసి, కొద్ది రోజులు తేలిక పనులు చేసి మళ్ళీ దించి, అప్పుడు అసలు ఆయిల్ పోయడం మంచిది. డీజిల్ పోసి కడిగే అలవాటు చాలా షెడ్లలో ఉంది. అలా చేసినా ఇంజను మాత్రం నడపవద్దు. డీజిల్ మీద పంపు, బేరింగులు పొడిగా తిరుగుతాయి.

ఇప్పుడు మోత సంగతి. ఇది దమ్ము తర్వాతే మొదలైందని మీరు రాయడం వల్ల, గేర్ల కంటే ముందు లిఫ్టు పంపును అనుమానిస్తున్నాను. నీరు, గాలి కలిసిన ఆయిల్‌ను పీల్చే పంపు, జల్లెడ బురదతో పూడుకుపోయిన పంపు సరిగ్గా ఇలాగే గూమంటుంది. పరీక్ష చాలా సులువు. బండిని నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి, ఇంజనును మధ్యస్థ వేగంలో నడుపుతూ మోత వినండి. తర్వాత క్లచ్ పూర్తిగా తొక్కి పీటీవో లీవరును తప్పించి, క్లచ్ వదిలి మళ్ళీ వినండి. ఈ తరహా బండిలో పీటీవో తప్పిస్తే పంపు ఆగిపోతుంది కాబట్టి, దానితో పాటే మోత ఆగితే మీ గేరుబాక్సు నిర్దోషి. మోత తగ్గకుండా, క్లచ్ తొక్కినప్పుడు మాత్రం ఆగిపోతే గేరుబాక్సులోకి వెళ్ళే షాఫ్టు బేరింగును గానీ, ఎప్పుడూ తిరుగుతూ ఉండే గేర్లను గానీ అనుమానించాలి. అందుకు భిన్నంగా, క్లచ్ తొక్కినప్పుడే వచ్చే మోత క్లచ్ రిలీజు బేరింగుది, లేదా ఫ్లైవీలు మధ్యలో ఉండే పైలట్ బేరింగుది.

నిలిచి ఉన్నప్పుడు మోత లేకుండా కదిలినప్పుడే వస్తుంటే, ఖాళీ బండిని చదును నేల మీద ఒక్కొక్క గేరులో నడిపి చూడాలి. ఒకే గేరులో వస్తే ఆ గేరు జతది. లోలో అన్ని గేర్లలోనూ వచ్చి హైలో రాకపోతే ప్లానెటరీ భాగానిది. ఏ గేరులో ఉన్నా చక్రాల వేగంతో పాటు పెరుగుతూ, చదును మీద ఖాళీ బండిని క్లచ్ తొక్కి కాస్త దొర్లనిచ్చినా వినిపిస్తుంటే అది డిఫరెన్షియల్ వైపుది. మలుపు తిరిగేటప్పుడు మాత్రమే టకటకమంటే డిఫరెన్షియల్ లోపలి చిన్న పినియన్లను చూడాలి, కానీ దానికి ముందు రెండు వెనక చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాకు పెడలు బురదతో బిగుసుకుపోయి కిందికే ఉండిపోలేదు కదా అని కూడా చూడాలి.

క్రౌన్, పినియన్ ఎంత అరిగాయో స్థూలంగా తెలుసుకోవడానికి మరో దారి ఉంది. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ఇంజను ఆపి, బండిని గేరులో ఉంచి, ఒక వెనక చక్రాన్ని మాత్రం జాకీతో లేపి, ఇరుసు హౌసింగు కింద గట్టి దిమ్మ ఆనించాక ఆ చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కీ ఊపండి. రెండో చక్రం నేల మీద ఉండటం వల్ల లేపిన చక్రం తిరగదు, గేర్ల మధ్య ఉన్న లూజు మేరకే కదులుతుంది. పాత బండిలో కొంత కదలిక సహజం. అది చాలా ఎక్కువగా ఉండి, కదిలించినప్పుడల్లా లోపల టంగుమని తగులుతుంటే వెనక భాగాన్ని విప్పి చూడక తప్పదు. జాకీ ఒక్కదాన్ని నమ్మి మాత్రం బండి కిందకు చేయి పెట్టవద్దు.

రివర్సు కరకర విషయంలో ఆటోనగర్ వారి మాటలో నిజం ఉండే అవకాశం ఉంది. ఈ గేరుబాక్సులో పళ్ళు ఒకదానిలోకి ఒకటి జరిగి కలుస్తాయి. కార్లలో ఉన్నట్టు వేగాలను సమం చేసే ఏర్పాటు ఉండదు. అందువల్ల బండి పూర్తిగా ఆగి, లోపలి షాఫ్టు కూడా తిరగడం ఆగితేనే గేరు నిశ్శబ్దంగా పడుతుంది. ఇంజను ఐడిలింగులో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, పది లెక్కపెట్టి, అప్పుడు రివర్సు వేయండి. చప్పుడు లేకుండా పడితే లోపం బండిలో లేదు, తొందరలో ఉంది. పది లెక్కపెట్టిన తర్వాత కూడా కరకరమంటే, లేదా క్లచ్ తొక్కి ఉంచినా బండి మెల్లగా కదులుతుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. అప్పుడు కూడా ప్లేటు మార్చడానికి పరుగెత్తకుండా పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ మీద పని మొదలవకముందు పెడల్ ఉట్టిగా కదిలే దూరం, కొలిచి మాన్యువల్‌లోని కొలతకు సరిచేయండి; చాలాసార్లు ఆ లింకేజీ సర్దుబాటుతోనే పని అయిపోతుంది.

దమ్ము చేసే బండ్లకు మరో బాధ ఉంది. క్లచ్ ఉండే హౌసింగు అడుగున చిన్న రంధ్రం, అందులో ఒక స్ప్లిట్ పిన్ను ఉంటాయి. బురదనీరు దాని గుండా లోపలికి చేరితే ప్లేటు, ఫ్లైవీలు తుప్పు పట్టి ఒకదానికొకటి అంటుకుపోతాయి; పెడలు ఎంత తొక్కినా విడివడవు. ఆ పిన్నును లాగి రంధ్రాన్ని పుల్లతో పొడిచి చూడండి. నీరు కారితే కారణం దొరికినట్టే. నల్లటి ఆయిల్ కారితే అది ఇంజను వెనక సీలు నుంచి వస్తోంది. తెల్లటి లేదా లేత రంగు ఆయిల్ కారితే గేరుబాక్సు ముందు షాఫ్టు సీలు పోయింది. ఆయిల్ ఏ వైపు నుంచి వచ్చినా ప్లేటుకు అంటితే క్లచ్ జారుతుంది, లేదా పూర్తిగా విడవకుండా పట్టి లాగుతుంది, ఒక్కోసారి రెండూ చేస్తుంది. క్లచ్ కోసం బండిని విడదీయాల్సి వస్తే ప్లేటుతో పాటే రిలీజు బేరింగు, పైలట్ బేరింగు, ముందు షాఫ్టు సీలు మార్పించండి. వాటి ఖరీదు తక్కువ, కూలి మాత్రం మళ్ళీ విడదీస్తే అంతా మళ్ళీ ఇవ్వాల్సిందే.

చివరిది, మిమ్మల్ని ఎక్కువగా భయపెడుతున్నది, గేరు జారడం. ఇక్కడ ముందుగా తేల్చవలసింది ఏ రాడ్డు జారుతోందన్నది. న్యూట్రల్‌లో పడినట్టు అనిపించినా, నిజానికి మూడో గేరు అలాగే ఉండి హై, లో రాడ్డు మధ్యలోకి వచ్చి ఉండవచ్చు. కూర్చున్నవారికి రెండూ ఒకేలా తెలుస్తాయి. ట్రాలీ లేకుండా, చదునైన ఖాళీ చోట, హైలో మూడో గేరులో నడుపుతూ యాక్సిలరేటరు పెంచి ఒక్కసారిగా తగ్గించండి. అలా తగ్గించినప్పుడు పళ్ళ మీద ఒత్తిడి రెండో ముఖానికి మారుతుంది; దిగుడులో జరిగేదీ అదే. జారినప్పుడు ఏ రాడ్డు కదిలిందో మరొకరిని దూరంగా నిలబెట్టి చూడమనడం కంటే, రెండు రాడ్ల స్థానాన్ని ముందే సుద్దతో గుర్తుపెట్టి, బండి ఆగిన తర్వాత చూడటం నయం. హై, లో రాడ్డు జారుతుంటే అన్ని గేర్లలోనూ, హైలో ఉన్నప్పుడల్లా జారాలి. అప్పుడు లోపల జరిగే కప్లింగు పళ్ళు మొద్దుబారి ఉంటాయి. బండి కదులుతుండగా హై, లో మార్చే అలవాటున్న డ్రైవరు చేతిలో ఇది తొందరగా అరుగుతుంది.

జారుతున్నది మూడో గేరు రాడ్డే అయితే, గేరుబాక్సు పైమూతను తీయించండి. బండిని రెండుగా విడదీయకుండానే ఆ మూత వస్తుంది. గేర్లను జరిపే సెలెక్టరు పట్టీలను స్థానంలో బిగించి ఉంచే స్ప్రింగులు మెత్తబడ్డాయా, గాడులు అరిగాయా, ఫోర్కు బోల్టు వదులైందా, ఫోర్కు మొన పక్కలు పలచబడ్డాయా అని చూడాలి. వీటిలో ఏదైనా కారణమైతే మరమ్మతు చిన్నది. ఇవన్నీ బాగుంటే అప్పుడు మూడో గేరు పళ్ళ అంచులను టార్చి వేసి చూడండి. పంటి మొన నుంచి మధ్యకు ఏటవాలుగా అరిగి ఉంటే, ఒత్తిడి పడిన ప్రతిసారీ ఆ వాలు గేరును బయటికి తోస్తుంది. దానికి కొత్త స్ప్రింగు వేసినా ఎక్కువ రోజులు ఆగదు. షాఫ్టును ముందుకూ వెనక్కీ కదిపి చూసినప్పుడు కంటికి కనిపించేంత లూజు ఉంటే బేరింగు అరిగింది, అది గేరును పూర్తిగా కలవనివ్వదు. ఈ రెండింటిలో ఏదో ఒకటి కనిపించినప్పుడే మీ ఊరి మెకానిక్కు మాట ప్రకారం గేరుబాక్సు విప్పించండి. అప్పుడు కూడా సెట్టు మొత్తం కాదు, అరిగిన గేరును దానితో కలిసే జత గేరుతో పాటు మార్పించండి. కొత్త గేరును అరిగిన గేరుకు జత చేస్తే మోత వస్తుంది, కొత్తది కూడా త్వరగా పాడవుతుంది. విప్పిన భాగాలను షెడ్డులోనే మీ ఎదుట చూపించమని, మార్చిన పాత భాగాలను మీకు తిరిగి ఇవ్వమని ముందే చెప్పండి.

అమ్మే విషయం ఇప్పుడే తేల్చనవసరం లేదు. గేరు జారే బండికి, తెల్ల ఆయిల్ ఉన్న బండికి కొనేవాడు ఇనుము ధర కడతాడు. ఆయిల్ మార్చి, సీళ్ళు వేయించి, పైమూత తీసి చూసేసరికి అసలు ఖర్చు ఎంతో మీకు తెలిసిపోతుంది. డ్రైన్ ప్లగ్గుకు గట్టి పంటి ముక్కలు, క్రౌన్ వీలులో పెద్ద లూజు, కదిలే షాఫ్టు మూడూ కలిసి కనిపిస్తే మాత్రం, ఇంజను ఎంత బాగున్నా, మరమ్మతు అంచనాను బండి ప్రస్తుత ధరతో పోల్చి చూసి, అది సగం దాటితే అమ్మడమే మేలని నా అభిప్రాయం. ఆ మూడింటిలో ఒక్కటే ఉంటే బాగుచేయించుకుని, మీ పొలం పనులకు ఉంచుకోండి.